పాలు కాదు

గన్నవరం పశువైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని వచ్చాక నేను విన్న మొదటి సలహా, "గేదెలు నీవల్లేం అవుతాయమ్మా, కుక్కలూ పిల్లులూ చూసుకో" అని. బందరులో మా చుట్టాలూ అదే అన్నారు, గుడివాడలో నన్ను పనిలో పెట్టుకున్న క్లినిక్కు యజమానీ అదే అన్నాడు. చిన్న జంతువంటే తేలిక పనని వాళ్ళ లెక్క. మత్తు దగ్గర ఆ లెక్క తలకిందులవుతుంది.

2011లో దివిసీమ నుంచి ఒకావిడ చల్లపల్లి, పామర్రు మీదుగా బస్సులు మారి, బుట్టలో పిల్లిని తెచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలి. ఆవిడ ఒంటరి మనిషి. పిల్లిని "అమ్మాయి" అని పిలిచేది.

పిల్లి బరువు 3 కిలోలు. కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున జైలజీన్ 3 మిల్లీగ్రాములు. సీసాలో మిల్లీలీటరుకి 20 ఉంటుంది కనక 0.15 మిల్లీలీటరు. అంత కొంచెం కొలవడానికి ఇన్సులిన్ సిరంజి వాడేవాళ్ళం. నారింజ మూతదైతే 100 యూనిట్లు ఒక మిల్లీలీటరు, 15 దాకా లాగితే సరి. మన దేశంలో ఎర్రమూతదీ ఉంది, అందులో 40 యూనిట్లే మిల్లీలీటరు. ఆ రోజు నారింజవి అయిపోతే కాంపౌండరు ట్రేలో ఎర్రది పెట్టాడు. నేను చూసుకోలేదు. అలవాటు కొద్దీ 15 దాకా లాగాను. అంటే 7.5 మిల్లీగ్రాములు, రెండున్నర రెట్లు. పైన కెటమిన్.

గుండె నెమ్మదించింది. చిగుళ్ళు పాలిపోయాయి. విరుగుడు యోహింబిన్ మా బీరువాలో లేదు. గొట్టం వేసి ఊదాను, రొమ్ము నొక్కాను. లాభం లేకపోయింది. ట్రే సర్దుతుంటే ఎర్రమూత కనిపించింది.

"గుండె బలహీనం అని చెప్పు. మందు ఎక్కువైందంటే లేడీ డాక్టరు కదా అంటారు, నీకే నష్టం" అన్నాడు యజమాని. భయం వేసిన మాట నిజమే. ఆ అబద్ధం నాకు సుఖంగా ఉన్న మాటా నిజమే.

ఆవిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని అడిగింది: "రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు. పొద్దున ఒకటే అరుపు. చెంచాడు పాలు పోశానమ్మా. అందుకేనా?"

నేను కాదనలేదు. తమ తప్పుని ఆడదాని మీదికి జారనివ్వడం మగవాళ్ళకే చేతనవుననుకునేదాన్ని, అప్పటిదాకా.

మనుషుల ఆపరేషన్ గదుల్లో సిరంజిల మీద అంటించే రంగు చీటీలకి 2008లోనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మాకెవరూ ఆ మాటే చెప్పలేదు. 2013 డిసెంబరులో కెటమిన్‌ని షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చారు, నషాకి వాడుతున్నారని. ఆ లెక్క రాయడానికి పుస్తకం వచ్చింది. మా పొరపాట్లు రాసుకోవడానికి ఏ పుస్తకమూ రాలేదు. నా సొంత క్లినిక్కులో ఒకే రకం సిరంజి ఉంచుతాను. డోసు పైకి చదువుతాను, కాంపౌండరు తిరిగి చదవాలి. మొదట్లో "అమ్మగారు బడి పెట్టారు" అని నవ్వాడు.

2019లో ఆవిడ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను, కోడూరు దాటాక. అరుగు మీద కూచుని ఎర్రమూత సంగతంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే పాలు కాదా?"

కాదన్నాను.

"ఎనిమిదేళ్ళు" అని, లోపలికెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. అవనిగడ్డ బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను.