బార్టోలీని ఓడించిన మన అమ్మాయి

రాత్రి ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ ముగించుకుని వస్తుంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయా. ఎదురుగా ఎవరో కొత్త హీరో కటౌట్. ఎందుకో మన టెన్నిస్ సానియా మీర్జా గుర్తొచ్చింది.

2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అల్యోనా బొండారెంకోను మూడు సెట్లలో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. అదే ఏడు యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది. మూడో రౌండ్లో ఓడించింది ఎవర్ననుకున్నారు? మరియన్ బార్టోలీని! 2013లో వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన ఆ బార్టోలీనే. తర్వాతి మ్యాచ్‌లో షరపోవా మనమ్మాయిని చితక్కొట్టేసింది, 6-2, 6-1. అది వేరే సంగతి.

ఆ ఫోర్‌హ్యాండ్ ఉంది చూశారూ... సర్వీసు అంతంతమాత్రమే, నిజమే. కానీ బంతి కుడివైపు పడిందా, అవతలావిడ చూస్తూ ఉండాల్సిందే. 2007లో 27వ ర్యాంకు. మరుసటి ఏడాది మణికట్టుకు ఆపరేషన్. ఆ దెబ్బతో సింగిల్స్ మెల్లగా చేజారింది. డబుల్స్‌లో నంబర్ వన్ అయింది, మిక్స్‌డ్‌తో కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. అయినా నాకు మాత్రం కోర్టులో తన సగంలో ఒక్కతే నిలబడ్డ ఆ పద్దెనిమిదేళ్ల పిల్లే కళ్లలో మెదుల్తుంది.

అప్పట్లో జనం మాత్రం ఆట వదిలేసి ముక్కుపుడక గురించీ స్కర్టు గురించీ మాట్లాడుకున్నారు. మా బాబాయితో సహా.

సిగ్నల్ పడింది. వెనక ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు.