ముప్ఫయి దాటితేనే పేరు

ముంబై వెళ్ళినవాళ్ళు గేట్‌వే ఆఫ్ ఇండియా చూస్తారు. మెరీన్ డ్రైవ్‌లో దీపాల వరస చూస్తారు. ఓపిక ఉంటే పడవెక్కి ఎలిఫెంటా గుహలకు వెళ్ళి వస్తారు. ఇంకా చేతిలో డబ్బు మిగిలితే ఫ్యాషన్ స్ట్రీటులో బేరమాడి నాలుగు చొక్కాలు తెచ్చుకుంటారు. ఆ చొక్కాలమ్మే వీధి దగ్గరే ఒక మైదానం ఉంది. దానికి టిక్కెట్టు లేదు, గైడు లేడు, తలుపు తీసే వేళా మూసే వేళా చూసుకోవలసిన పని అంతకన్నా లేదు. అందుచేతనే కాబోలు, మనవాళ్ళెవరూ దాన్ని చూసి వచ్చామని చెప్పరు. దాని పేరు ఆజాద్ మైదానం.

విక్టోరియా టెర్మినస్ అని పాతవాళ్ళు, ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అని నేటివాళ్ళు పిలిచే ఆ పెద్ద రైలుస్టేషను దిగి, రోడ్డు దాటి, కార్పొరేషను మేడ పక్కగా నాలుగడుగులు వేస్తే చాలు. సుమారు 25 ఎకరాల నేల. అందులో 22 క్రికెట్ పిచ్‌లు. ఈ మాట నేను దాదరులో దిగిన మా మేనత్తగారింట్లో చెబితే, ఆవిడ పప్పు గుత్తి ఆపి, “ఇరవై రెండు పిచ్చిలేమిట్రా! ఊరికొక పిచ్చి చాలదూ?” అంది.

అత్తయ్య అన్నది హాస్యానికే గాని, కొత్తగా చూసేవాడికి అది పిచ్చివ్యవహారంగానే కనబడుతుంది. 22 పిచ్‌లు అంటే ఒకదానికొకటి ఎడంగా, చుట్టూ కంచెతో ఉంటాయనుకోకండి. ఒక ఆట సరిహద్దు ఇంకో ఆట నడుమగుండా పోతుంది. ఒక జట్టువాడు బౌండరీ దగ్గర నిలబడితే, వాడి వీపు పక్క మ్యాచ్‌లో స్లిప్‌లో ఉన్నవాడికి ఆనుతుందా అన్నట్టుంటుంది. ఎటునుంచి బంతి వస్తుందో తెలియదు. పది నిమిషాల్లో మూడు బంతులు నా కాళ్ళ పక్కనుంచి పోయాయి. వాటిలో ఏది ఏ ఆటదో నాకు బోధపడలేదు గాని, ఆ పిల్లలకు మాత్రం ఎన్నడూ పొరపాటు రాదు. ఎవరి బంతి వారికి తెలుసు. ఈ ఆటలన్నిటి మధ్యగా ఆఫీసులకు పోయే జనం సంచులు చంకన పెట్టుకుని, తల వంచుకుని, మన అగ్రహారం వీధిలో నడిచినంత నిశ్చింతగా నడిచిపోతుంటారు.

పూర్వం ఆజాద్, క్రాస్, ఓవల్ మైదానాలన్నీ కలిసి ఒకే బయలు. ఎస్ప్లనేడ్ అనేవారు. కోట చుట్టూ ఫిరంగులకు అడ్డు లేకుండా వదిలిన నేల అది. 19వ శతాబ్దంలో అక్కడ పార్సీ కుర్రాళ్ళు, వాళ్ళను చూసి హిందూ కుర్రాళ్ళు బ్యాటు పట్టారు. దొరలకేమో గుర్రాలెక్కి పోలో ఆడటం సరదా. ఆ గుర్రాల డెక్కలకు పచ్చిక లేచిపోయి, నేల గుంటలు పడి, మర్నాడు బంతి ఎటు ఎగురుతుందో తెలిసేది కాదు. 1881లో వందలమంది కుర్రాళ్ళు సంతకాలు చేసి గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. పత్రికల్లోనూ వాదం సాగింది. షాపూర్జీ సొరాబ్జీ అనే పార్సీ ఆయన ఈ తగాదానంతా 1897లో పుస్తకంగా అచ్చువేశాడు. మన దేశంలో క్రికెట్ మీద వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. అందులో సగం సంగతి ఎవరెన్ని పరుగులు తీశారన్నది కాదు, ఆడుకోవడానికి నేల ఎవరిదన్నది! తరవాత సముద్రపు ఒడ్డున పార్సీ, హిందూ, ఇస్లాం జింఖానాలకు వేరే స్థలాలిచ్చారు. ఈ బయలు మాత్రం జింఖానాలో చేరే స్తోమతు లేని పిల్లలకు మిగిలింది.

మైదానానికి దక్షిణపు కొసన బాంబే జింఖానా ఉంది. తెలుగువాడు అక్కడొక నిమిషం ఆగాలి. 1926లో గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద సి.కె. నాయుడు 153 పరుగులు తీసింది ఆ నేల మీదే. అందులో 11 సిక్సర్లు. నాయుడుగారు నాగపూరులో పుట్టి పెరిగినా తెలుగింటి బిడ్డ. జనం చెట్లూ, మేడల కప్పులూ ఎక్కి చూశారట. 1933 డిసెంబరులో మన దేశంలో మొట్టమొదటి టెస్టు జరిగిందీ అక్కడే, మన జట్టుకు కెప్టెన్ ఆయనే.

నేను వెళ్ళింది మాత్రం చరిత్ర కోసం కాదు. మా బావగారి అబ్బాయికి ఆ రోజు స్కూలు మ్యాచి ఉంది. వాడికి 13 ఏళ్ళు. పుట్టింది దాదరులో, తెలుగు బాగానే వచ్చుగాని కోపం వస్తే మరాఠీలో వస్తుంది. వాడి కిట్టుసంచి నా భుజాన వేసుకున్నాను. అబ్బో, మణుగు బరువు! లోకల్ రైల్లో దాన్ని ఎక్కించడం దించడం ఒక ఆట, మైదానంలో ఆడేది రెండో ఆట.

ఆరోవాడుగా దిగి 17 పరుగులు చేశాడు. నాకు ముద్దొచ్చింది. డేరా కిందికి వచ్చి హెల్మెట్ తీసి కూర్చోగానే, “బాగా ఆడావురా” అన్నాను.

“పదిహేడే కదా, మామయ్యా! పేపర్లో పడదు” అన్నాడు.

“ఎంత కొడితే పడుతుందేమిట్రా?”

“స్కోరరు తాతని అడుగు.”

ఆ స్కోరరు డేరాలో రేకు బల్ల ముందు కూర్చుని, ఎర్ర కలమూ నీలి కలమూ మార్చి మార్చి చుక్కలు పెడుతున్నాడు. ముసలాయన. నాకొచ్చిన హిందీతో కదిలించాను. పూర్వం సాయంత్రం ఆట అవగానే స్కోరు కాగితం మడతపెట్టుకుని పత్రికాఫీసులకు తానే నడిచి వెళ్ళేవాడట. దూరమేమీ కాదు, టైమ్స్ ఆఫ్ ఇండియా భవనం స్టేషనుకు ఎదురుగానే ఉంది. ఆ రోజుల్లో ముంబై పత్రికలు బడిపిల్లల మ్యాచ్‌ల స్కోర్లు సైతం సన్న అక్షరాల్లో వేసేవి. అయితే ఒక నియమం. 30 పరుగులు దాటినవాడి పేరే పడేది.

ఈ ముప్ఫయి మహత్యం ఎంతటిదో సచిన్ టెండూల్కర్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆయన బడి తరఫున ఆడిన మొదటి మ్యాచిలో చేసింది 24. స్కోరరు జాలిపడి, ఎక్స్‌ట్రాల్లోంచి ఆరు పరుగులు తీసి కుర్రాడి ఖాతాలో వేస్తానన్నాడు. కుర్రాడు సరేనన్నాడు. మర్నాడు పత్రికలో పేరు పడింది. గురువు రమాకాంత్ ఆచ్రేకర్ అది చూసి మెచ్చుకోలేదు సరికదా, చెయ్యని పరుగులు ఎందుకు వేయించుకున్నావని గట్టిగా మందలించాడు. ఇంకెన్నడూ అలా జరగదని శిష్యుడు మాట ఇచ్చాడు.

ఆ మందలింపును అందరూ గురుభక్తి కథగా చెబుతారు. నాకు మాత్రం స్కోరరు మీదికే మనసు పోయింది. అచ్చులో పేరు చూసుకుంటే పిల్లవాడు రేపు మళ్ళీ మైదానానికి వస్తాడని ఆయనకు తెలుసు. అబద్ధమే, కాదనను. కాని అంత చిన్న అబద్ధానికి అంత విలువ ఉందంటే, ఆ సన్న అక్షరాల వరసకు ఎంత విలువ ఉండాలి!

తరవాత 1988 ఫిబ్రవరిలో ఇదే మైదానంలో, హారిస్ షీల్డ్ సెమీఫైనల్లో సచిన్, వినోద్ కాంబ్లీ విడిపోకుండా 664 పరుగులు చేశారు. సచిన్ 326 నాటౌట్, కాంబ్లీ 349 నాటౌట్. శారదాశ్రమం బడి 2 వికెట్లకు 748 దగ్గర డిక్లేర్ చేసింది. అది సన్న అక్షరాల్లో ఇమిడే సంగతి కాదు గనక దేశమంతటికీ తెలిసింది. మరుసటేడు నవంబరులో సచిన్ కరాచీలో టెస్టు ఆడాడు.

ఆ 664 పరుగులూ అవుతున్నంతసేపూ, తరవాత దిగవలసిన కుర్రాడొకడు ప్యాడ్లు కట్టుకుని గంటలకొద్దీ కూర్చున్నాడు. వాడికి బ్యాటింగు రానేలేదు. వాడి పేరు అమోల్ మజుందార్. రంజీ ట్రోఫీలో తొలి మ్యాచిలోనే 260 పరుగులు చేసినా, భారతజట్టులో ఒక్కసారీ చోటు దొరకలేదు. చివరి రోజుల్లో అస్సాం తరఫునా, మన ఆంధ్ర జట్టు తరఫునా ఆడాడు. 2025 నవంబరులో మన మహిళల జట్టు ప్రపంచకప్పు గెలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. అప్పుడు పత్రికలవాళ్ళకు ఆ ప్యాడ్లు మళ్ళీ గుర్తుకొచ్చి, కథలు కథలుగా రాశారు. 37 ఏళ్ళు పట్టిందన్నమాట!

ఇదీ బాగానే ఉందనుకుంటే, ఇంకోటుంది. ముంబై పక్కన కళ్యాణ్‌లో 2016 జనవరిలో ప్రణవ్ ధనవాడే అనే 15 ఏళ్ళ కుర్రాడు స్కూలు మ్యాచిలో 1009 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. 1899లో ఇంగ్లండులో కాలిన్స్ అనే కుర్రాడు చేసిన 628 అంతవరకు రికార్డు. కళ్యాణ్ కుర్రాడి తండ్రి ఆటోరిక్షా తోలుతాడు. ఇంకేం కావాలి? ప్రపంచం నలుమూలలా వార్త పొక్కింది. కెమెరాలు వాళ్ళ గుమ్మం ముందు బారులు తీరాయి. ముంబై క్రికెట్ సంఘం నెలకు 10,000 రూపాయల చొప్పున అయిదేళ్ళపాటు వేతనం ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి ఆట మందగించింది. 2017లో ఆ డబ్బు ఇక పంపవద్దని ఆ తండ్రే రాశాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో ఊహించండి.

నా బాధ ఆ కుర్రాడి గురించి మాత్రమే కాదు. అవతలి జట్టు 31కి ఒకసారి, 52కు ఒకసారి అవుటయింది. ఆ చిన్నపిల్లలు 1465 పరుగులు అయ్యేదాకా బంతులు వేస్తూ, బంతుల వెంట పరుగెడుతూనే ఉన్నారు. బడి ఆట అంటే రెండు బడుల ఆట. ఓడినవాడు ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాడా, మర్నాడు ఆటకు వచ్చాడా అని అడిగిన విలేఖరులు ఎంతమంది ఉంటారు? వెయ్యి పరుగులు పెద్ద అక్షరాల్లో వేయడం సులువు. ముప్ఫయి పరుగులు సన్న అక్షరాల్లో రోజూ వేయడం కష్టం. నన్నడిగితే పిల్లలకు మేలు చేసింది ఆ రెండోదే.

“ఇప్పుడు ఎంత దాటితే వేస్తున్నారు?” అని స్కోరరును అడిగాను.

“వంద కొట్టినా, ఆ రోజు ప్రకటనలు తక్కువైతే వేస్తారు” అని నవ్వాడు. ఈ కాలపు పద్ధతిగా స్కోరు కాగితం ఫోటో తీసి ఫోనులో పంపేస్తాడు. ఆ తరవాత అది ఏమవుతుందో ఆయనకే తెలియదు.

పత్రికలు తగ్గితే ఏం, ఇప్పుడు ప్రతి తండ్రీ ఒక విలేఖరే! చెట్టు కింద ఆరేడుగురు తండ్రులు ఫోన్లెత్తి తమ పిల్లల ప్రతి దెబ్బా పట్టుకుంటున్నారు. నా పక్కనున్నాయన తన కొడుకు ఆడినంతసేపూ కన్నార్పకుండా తీశాడు. కొడుకు అవుటవగానే ఫోను జేబులో వేసుకుని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆట ఇంకా సగం మిగిలే ఉంది. తల్లులు నయం. వాళ్ళు డబ్బాలు విప్పి, ఎవరి పిల్లాడో చూడకుండా అందరికీ పెడుతున్నారు.

మైదానం మాత్రం పత్రికల్లో తరచు కనబడుతూనే ఉంటుంది, ఆటవల్ల కాదు. 1931 డిసెంబరులో గాంధీగారు రౌండ్ టేబుల్ సభనుంచి తిరిగివచ్చి మాట్లాడింది ఇక్కడే. ఇప్పటికీ నిరసన సభలకు ఇందులో ఒక భాగం కేటాయించి ఉంది. సభలు జరగవలసిందే, జనం గొంతుకు ఊళ్ళో ఒక చోటు ఉండవలసిందే. మధ్యలో భూగర్భ మెట్రో పనులకు కొంత నేల కంచెల వెనక్కి పోయింది. ఆ మార్గం 2025 అక్టోబరులో పూర్తిగా తెరిచారు. జనం మితిమీరిన రోజున, తవ్వకాలు సాగిన రోజున, పిల్లలు కిట్టుసంచులు మోసుకుని తిరిగి లోకల్ ఎక్కుతారు. పక్క జిల్లాల నుంచి తెల్లవారుజామున లేచి వచ్చినవాళ్ళూ ఉంటారు వాళ్ళలో. ఆడని మ్యాచికి స్కోరు ఉండదు గనక ఆ సంగతి ఏ మూలా అచ్చుకాదు. 1881 నాటి కుర్రాళ్ళకు కనీసం పత్రికల్లో వాదించేవాళ్ళు దొరికారు.

సాయంత్రం మావాడి జట్టు తొమ్మిది పరుగుల తేడాతో గెలిచింది. మావాడు డీప్‌లో ఒక క్యాచి పట్టాడు. అదీ పక్క మ్యాచి అంపైరును తప్పించుకుని! నేను జేబులోని పుస్తకం తీసి స్కోరంతా ఎక్కించుకుంటుంటే, స్కోరరు ఓపిగ్గా పేర్లు చదివి పెట్టాడు. రెండు జట్లలోనూ సున్నా చేసినవాళ్ళతో సహా 22 పేర్లు. మావాడు నా భుజం మీదుగా తొంగిచూసి, ఆఖరివాడి పేరుకు అక్షరం తప్పు రాశానని దిద్దాడు.

అప్పటికి ఆరవుతోంది. స్టేషను గుమ్మటం మీద దీపాలు వెలిగాయి. డేరాలు విప్పుతున్నారు. మాలీ ఒకడు గొట్టంతో పిచ్ మీద నీళ్ళు చల్లుతున్నాడు.

“రేపెవరి ఆట?” అని అడిగాను.

“ఎవరో పిల్లలు, సాబ్” అని, ఇంకా ఎండిపోయి ఉన్న కొస వైపు గొట్టం లాగాడు.