గర్భచలనానికి సాక్షి ఎవరు?

గర్భస్థశిశువు తొలిసారి కదలిన క్షణం లోకంలో ఒక్కరికే తెలుస్తుంది. పూర్వకాలంలో వైద్యునికి తెలియదు, భర్తకు తెలియదు, రాజుకు అసలే తెలియదు. నాలుగైదు మాసాల నడుమ తల్లి ఆ స్పందనను అనుభవించి చెబితేనే తక్కినవారు నమ్మాలి. ఇంగ్లండు నుండి అమెరికాకు చేరిన సంప్రదాయ న్యాయం ఈ స్పందననే హద్దుగా స్వీకరించింది. దానికి ముందు గర్భాన్ని తొలగించుకోవడం అక్కడ నేరం కాదు. 1821లో కనెక్టికట్ రాష్ట్రం చేసిన తొలి శాసనం సైతం చలనానంతర గర్భాన్నే ఉద్దేశించింది. నాల్గవ మాసంలో గర్భహృదయం వ్యక్తమవుతుందని, అప్పటి నుండి తల్లి రెండు హృదయాలు గల ‘దౌహృదిని’ అని సుశ్రుతసంహిత చెప్పిన మాట ఇక్కడ స్ఫురించక మానదు.

ఆ సాక్ష్యాధికారం తల్లి నుండి జారిపోవడానికి అమెరికాలో ప్రధాన కారకులు మతాచార్యులు కారు, వైద్యులు. 1857లో బోస్టన్ వైద్యుడు హొరేషియో స్టోరర్ ఈ ఉద్యమాన్ని ఆరంభించాడు. జీవం గర్భధారణ నుండే ఉన్నదని, తల్లికి కదలిక తెలియడం తెలియకపోవడం అప్రస్తుతమని అతని వాదం. ఆ వాదంలో తర్కబలం ఉన్నది. స్త్రీయో పురుషుడో తెలియని గర్భాన్ని హరించినా బ్రహ్మహత్యా ప్రాయశ్చిత్తమే విధించిన మనుస్మృతిని ఎరిగినవారు దానిని తేలికగా తోసివేయలేరు. అయితే మంత్రసానుల వృత్తిని తమ అధీనంలోకి తెచ్చుకోవాలన్న వైద్యుల ఆకాంక్ష కూడా అందులో కలిసే ఉన్నది. 1859లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ స్టోరర్ పక్షాన నిలిచింది. శతాబ్దాంతానికి దాదాపు అన్ని రాష్ట్రాలూ నిషేధశాసనాలు చేశాయి. తల్లి ప్రాణరక్షణకై మినహాయింపు ఉన్నచోట నిర్ణేత వైద్యుడే.

1970లో టెక్సస్ నిషేధంపై డల్లాస్‌లో వ్యాజ్యం దాఖలైంది. నేడు వేలాది తెలుగు కుటుంబాలకు నివాసమైన నగరమే అది. వాది నార్మా మెకార్వీ. వ్యాజ్యంలో ఆమె పేరు ‘జేన్ రో’. 1973 జనవరి 22న సుప్రీంకోర్టు ఏడుగురి అనుకూలతతో, ఇద్దరి అసమ్మతితో ఆమె పక్షాన తీర్పు చెప్పేనాటికి ఆ గర్భంలోని శిశువుకు రెండున్నరేళ్ళు; పరుల ఇంట దత్తతలో పెరుగుతున్నది. మెకార్వీ న్యాయస్థానంలో ఒక్కమారైనా సాక్ష్యం చెప్పలేదు. జీవం ఎప్పుడు ఆరంభమవుతుందో తాము తేల్చనవసరం లేదని తీర్పు రచించిన జస్టిస్ బ్లాక్‌మన్ పేర్కొన్నాడు. పూర్వం మేయో క్లినిక్‌కు న్యాయసలహాదారుగా ఉన్న ఆయన, తొలి మూడు మాసాల నిర్ణయాన్ని వైద్యుని వివేకానికే వదిలాడు. స్త్రీస్వేచ్ఛకు ప్రతీకగా కీర్తి పొందిన తీర్పులోనూ వైద్యుడే ముందు నిలవడం విచిత్రం.

1995లో మెకార్వీ వ్యతిరేక పక్షంలో చేరింది. 2017లో ఆమె మరణించాక, 2020లో వెలువడిన డాక్యుమెంటరీలో అదంతా ధనం కోసం చేసిన నటన అన్న ఆమె పలుకులు వినిపించాయి. ఇరుపక్షాలకూ ఆమె పేరు కావలసివచ్చింది. ఆమె మాట ఎవరికి కావలసివచ్చిందో చెప్పడం కష్టం.

2022 జూన్ 24న సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును రద్దుచేసి విషయాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. టెక్సస్‌లో తిరిగి నిషేధం. తల్లికి ప్రాణాపాయం ఉంటేనే మినహాయింపు. ఆ సంవత్సరమే అమాండా జురావ్‌స్కీ అనే గర్భిణికి అయిదవ నెలలో ఉమ్మనీరు పోయింది. దీర్ఘచికిత్స అనంతరం కలిగిన, ఎంతో కోరుకున్న గర్భం అది. శిశువు దక్కదని వైద్యులకు తెలుసు. కాని గుండె ఇంకా కొట్టుకుంటున్నది. శాసనభయంతో వారు వేచి ఉన్నారు. తల్లి రక్తంలో విషదోషం వ్యాపించాకనే చికిత్స జరిగింది.

2023 జూలైలో ఆస్టిన్ న్యాయస్థానంలో, ఆనాడు మెకార్వీ చేయనిదానిని, ఆమె చేసింది. స్వయంగా నిలిచి తన శరీరంలో జరిగినది చెప్పింది. 2024 మే 31న టెక్సస్ సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని తిరస్కరించింది. శాసనంలోని మినహాయింపు చాలునని, ప్రాణాపాయాన్ని నిర్ణయించేది వైద్యుని సహేతుక వివేకమని పేర్కొంది. ఆ వివేకం తప్పని రుజువైతే వైద్యునికి యావజ్జీవ కారాగారం వరకు శిక్ష పడవచ్చు.