పిల్లలు చూడదగ్గ సినిమా

మన ఇళ్ళలో "ఫామిలీ పిక్చర్" అంటే అందరికీ తెలిసిన అర్థం ఒకటే: అత్తమామల పక్కన కూర్చుని తల దించుకోకుండా చూడగలిగిన సినిమా. ఈ కొలత పెద్దల మొహమాటానికి సరిపోతుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు సరిపోతుందా అన్నది మా సందేహం.

ఇక్కడి ప్రభుత్వం వారి కొలత వేరు. ఆస్ట్రేలియాలో సినిమాకు తరగతి నిర్ణయించేటప్పుడు ఆరు విషయాలు చూస్తారు: ఇతివృత్తం, హింస, శృంగారం, భాష, మాదకద్రవ్యాలు, నగ్నత్వం. జి, పి.జి., ఎం అన్నవి సలహాలు మాత్రమే. ఎం.ఏ. 15+ దగ్గర మాత్రం పదిహేనేళ్ళ లోపు వారిని పెద్దల తోడు లేకుండా లోపలికి రానివ్వరు. ఇండియాలో 1983లో యు.ఏ. సర్టిఫికెట్ వచ్చింది, 2023 నాటి చట్ట సవరణతో అది 7, 13, 16 ఏళ్ళుగా మూడు మెట్లయింది. ఇవన్నీ మందు సీసా మీది చీటీ వంటివి. చీటీ చదవాల్సిందే. కాని మోతాదు బిడ్డ బరువును బట్టి వేస్తాం. ఆ బరువు చీటీ రాసినవారికి తెలియదు.

"లవకుశ" సంగతే చూడండి. 1963లో వచ్చిన ఆ సినిమా తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం. బూతు లేదు, అసభ్యం లేదు, యుద్ధమంటే బాణాల యుద్ధం. ఎవరినడిగినా పిల్లలకు తప్పక చూపించమంటారు. మేమూ చూపించాం. మర్నాడు అన్నం తింటూ మా ఎనిమిదేళ్ళ అమ్మాయి అడిగింది: "సీత తప్పు చెయ్యలేదు కదా, మరెందుకు పంపేశారు? ఊళ్ళోవాళ్ళు ఏదైనా అంటే మన అమ్మ కూడా వెళ్ళిపోవాలా?"

దాని క్లాసులో ఒక వారం తల్లి దగ్గర, ఒక వారం తండ్రి దగ్గర ఉండే పిల్లలున్నారు. కాబట్టి అది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. ఇండియా నుంచి వచ్చి ఉన్న మా బామ్మగారు "తప్పమ్మా, దేవుణ్ణి అలా అడక్కూడదు" అన్నారు. ఆవిడ చిన్నతనంలో హరికథల్లో, ఇంట్లో పెద్దల ఒడిలో రాముణ్ణి ఎరిగాకే సినిమా హాలుకు వెళ్ళారు. మా పిల్లకు రాముడు తొలిసారి కనిపించిందే తెర మీద, అదీ భార్యను అడవికి పంపేటప్పుడు. అదే సినిమా, బరువు వేరు.

"అడగడం తప్పు కాదు, ఆ సంగతి మీద పెద్దవాళ్ళే ఎన్నో తరాలుగా వాదించుకుంటున్నారు. మన ఇంట్లో మాత్రం ఎవరేమన్నా అమ్మ ఎక్కడికీ వెళ్ళదు" అని చెప్పాం. బామ్మగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని సీత కథ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు.

దుఃఖం ఉన్నంత మాత్రాన సినిమా పిల్లలకు పనికిరాదనుకోనక్కరలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని కూరాంగ్ తీరంలో తీసిన "స్టార్మ్ బాయ్" (1976)లో కుర్రవాడు ప్రాణంగా పెంచుకున్న పెలికన్ పక్షిని వేటగాళ్ళు కాల్చేస్తారు. పిల్లలు ఏడుస్తారు, ప్రశ్నలు వేస్తారు.

మాకు భయం వేసేది ప్రశ్నే రాని చోట. మన హాస్య సన్నివేశాల్లో భర్త పెళ్ళాం చెంప పగలగొడతాడు. లావుపాటి మనిషిని, నల్లటి మనిషిని వెక్కిరిస్తారు. వద్దన్న పిల్ల వెంట హీరో పడతాడు. హాలంతా నవ్వుతుంది, మన పిల్లలూ నవ్వుతారు. ఇంటికొచ్చి ఎవరూ ఏమీ అడగరు. అందరూ నవ్వితే అది మంచిదేనని నేర్చుకుని ఊరుకుంటారు. అలాంటి సినిమాను "క్లీన్ పిక్చర్" అని మెచ్చుకుంటూ హాల్లోంచి వస్తాం.

టీకా వేశాక బిడ్డను పదిహేను నిమిషాలు క్లినిక్‌లోనే కూర్చోబెడతాం. మన సంఘం సినిమా ప్రదర్శనలకూ ఆ పద్ధతి పెడితే బాగుంటుంది. ముందుగా ఇద్దరు తల్లిదండ్రులు సినిమా చూసి, అందులో ఏముందో నాలుగు ముక్కలు మిగతావారికి చెప్పాలి. పురాణ కథ అయితే పిల్లలకు ముందే కథ చెప్పాలి. సినిమా అయ్యాక భోజనాల గొడవలో పడకముందు ఓ పావుగంట పిల్లల్ని మాట్లాడనివ్వాలి. జవాబు తెలియని ప్రశ్న వస్తే తెలియదనే చెబుదాం. దీనిపై మిగతా తల్లిదండ్రుల అభిప్రాయాలు కూడా తెలిస్తే సంతోషిస్తాం.