ఊరొదిలిన గూడబాతులు

రోజూ కాలవగట్టున కలిసి నడిచే నేస్తాలు ఓ ఆదివారం సరదాగా వెళ్లిరావడానికి ఉండి నుంచి చక్కని దారి ఉంది. నవంబరు, మార్చి నెలల మధ్యయితే మరీ మంచిది.

మొదటి మజిలీ ఆరేడు. ఉండి మండలంలోని ఈ ఊరికి పక్షిశాస్త్రంలో పేరుంది. 1946లో కె.కె.నీలకంఠన్ అనే పరిశోధకుడు ఇక్కడి గూడబాతుల స్థావరాన్ని లోకానికి చెప్పారు. అప్పట్లో అవి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టుకునేవి! 1970ల్లో ఆ స్థావరం ఖాళీ అయింది.

ఇప్పుడు వాటిని చూడాలంటే ఆకివీడు మీదుగా ఉప్పుటేరు దాటాలి. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చేది ఈ ఏరే. అవతల కైకలూరు, ఆ పక్కనే ఆటపాక. అక్కడ బండి దిగి గట్టు మీద నడవాలి. చెరువు మధ్యలో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్లు కనిపిస్తాయి. వాటి మీదే పుల్లలు పేర్చుకుని గూడబాతులు పిల్లల్ని సాకుతుంటాయి. చెట్లు చాలని చోట మనిషి అమర్చిన కొమ్మలవి!

308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువులు సరస్సును కమ్మేస్తుంటే 2006లో ప్రభుత్వం గట్లు కొట్టించింది. ఆ చెరువులే ఎన్నో ఇళ్లకు కూడు. అందుకే పిట్టకీ పొట్టకీ మధ్య పేచీ ఇప్పటికీ తెగలేదు.

గట్టు మీద గట్టిగా మాట్లాడకండి, ప్లాస్టిక్ పారేయకండి. బృందంలో ఎనభైకి చేరువైన పెద్దలుంటే వారిని ముందు నడవనివ్వండి. తలెత్తితే ఊళ్లోనే గూడబాతు కనిపించిన రోజులు వారికే తెలుసు.