అమ్మీ అడగమన్న ప్రశ్న

పోలీసు అన్న మాట నేను మొదట విన్నది మా దాదీ నోట. "పోలీస్ ఏక్షన్‌కు ముందు", "పోలీస్ ఏక్షన్ తర్వాత" అంటూ ఆమె కాలాన్ని రెండు ముక్కలు చేసి చెప్పేది. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మీదికి వచ్చింది సైన్యమని, పేరు మాత్రమే పోలీసులదని బి.ఏ.లో చరిత్ర చదివేదాకా నాకు తెలీదు. దాదీకి ఆ తేడాతో పనిలేదు. ఖాకీ కనబడితే తలుపు గడియ పెట్టేది.

పోలీసు మనిషిని నేను దగ్గరగా చూసింది మాత్రం 1990 డిసెంబర్‌లో. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

అబ్బా ఆర్టీసీలో మెకానిక్. నల్లగొండ జిల్లాలో ఆయన పనిచేసినన్నాళ్ళు నేను అక్కడి సర్కారు బడిలో తెలుగు మీడియంలో చదివాను. ఆ ఏడాదే బదిలీ మీద పాతబస్తీకి వచ్చాం. మా గల్లీలో తెలుగు చదవడం, రాయడం వచ్చిన పిల్లవాణ్ణి నేనొక్కణ్ణే. ఏ ఇంటికి సర్కారు కాగితం వచ్చినా నన్నే పిలిచేవాళ్ళు. పెద్దవాళ్ళ మధ్య కూర్చుని తర్జుమా చేస్తుంటే నాకు గర్వంగా ఉండేది.

ఆ డిసెంబర్‌లో నగరం తగలబడింది. వందమందికి పైగా చనిపోయారు. కర్ఫ్యూ పెట్టారు. అబ్బా డిపోలోనే చిక్కుకుపోయాడు. ఇంట్లో దాదీ, అమ్మీ, నేను, ఏడు నెలల చెల్లెలు. అమ్మీకి జ్వరం. పాలు ఎండిపోయాయి. చెల్లెలు రాత్రంతా ఏడ్చింది.

తెల్లారి ఎవరో తలుపు కొట్టారు. గల్లీ మొదట్లో డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్. చేతిలో రెండు పాలపాకెట్లు.

"పాప ఏడుస్తనే ఉన్నది గద రాత్రంత. పాలు లేవా బీబమ్మా?"

అమ్మీకి తెలుగు రాదు. నన్ను ముందుకు తోసింది. పైసలు ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు. మర్నాడూ తెచ్చాడు, ఆ మర్నాడూ తెచ్చాడు. అమ్మీ తలుపు సందులోంచి చాయ్ కప్పు అందిస్తే నిలబడే తాగి వెళ్ళేవాడు. దాదీ కూడా గడియ తీయడానికి ఒప్పుకుంది.

నాలుగోరోజు సాయంత్రం ఎదురింటి పదిహేడేళ్ళ కుర్రాడు వీధి నల్లా దగ్గరికి బిందె పట్టుకుని వెళ్ళాడు. ముగ్గురు పోలీసులు పట్టుకుని లాఠీలతో కొట్టారు. బిందె దొర్లుకుంటూ మా గుమ్మం దాకా వచ్చింది. పరదా వెనకనుంచి అమ్మీ చూసింది, నేనూ చూశాను. ఆ ముగ్గురిలో మా పాలాయన ఒకడు.

మర్నాడు పొద్దున మామూలుగానే తలుపు కొట్టాడు. అదే నవ్వు, రెండు పాకెట్లు. అమ్మీ పాకెట్లు తీసుకుంది. తర్వాత నావైపు తిరిగి మెల్లగా అంది: "ఉనోంకు పూఛ్, కల్ షామ్ ఉస్ బచ్చేకు కైకు మారే?" నిన్న సాయంత్రం ఆ పిల్లవాణ్ణి ఎందుకు కొట్టారో అడగమంది.

నేను చెల్లెలి వైపు చూశాను, పాకెట్ల వైపు చూశాను. తెలుగులో అన్నాను: "అమ్మీ మీకు థాంక్స్ చెప్పమంటున్నది సార్."

ఆయన నా తల నిమిరాడు. "మీవాళ్ళు జర సక్కగుంటే మాకెందుకు బిడ్డా ఈ తిప్పలు? నేను ఇంటి మొకం చూడక ఎన్ని దినాలాయెనో" అన్నాడు. ఏమన్నాడని అమ్మీ అడిగింది. నీ తబియత్ ఎలా ఉందని అడుగుతున్నాడని చెప్పాను.

ఆరోజు నేను రెండు అబద్ధాలు చెప్పాను. అమ్మీ ప్రశ్న ఆయనకు చేరలేదు. ఆయన మనసులో మా గురించి ఏముందో అమ్మీకి చేరలేదు. ఇద్దరూ ఒకరినొకరు మంచివాళ్ళనుకున్నారు. చెల్లెలికి పాలు ఆగలేదు.

డిగ్రీ అయ్యాక జర్నలిస్టునయ్యాను. ఉర్దూ వార్త తెలుగులోకి, తెలుగు వార్త ఉర్దూలోకి మార్చడం నా పని. రంజాన్‌లో పోలీసుల ఇఫ్తార్, అధికారి చేతుల మీదుగా ఖర్జూరం, తప్పిపోయిన పిల్లను ఇల్లు చేర్చిన హోంగార్డు. ఇలాంటివి ఎన్ని రాశానో లెక్కలేదు. అవన్నీ నిజమే. ఒక్కటీ కల్పించి రాయలేదు. అయినా రాసిన ప్రతిసారీ ఆ పాలపాకెట్లు గుర్తొచ్చేవి. థాంక్స్ తర్జుమా చేస్తున్నాను, ప్రశ్నను మింగేస్తున్నాను అనిపించేది.

2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిదిమంది చనిపోయారు. తర్వాత వీధుల్లోకి వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే మరో అయిదుగురు పోయారు. ఆ తర్వాత వారాల తరబడి అనుమానం పేరుతో పట్టుకుపోయింది మా మొహల్లాల పిల్లల్నే. చనిపోయినవాళ్ళూ మేమే, ముద్దాయిలమూ మేమే.

మా ఫుప్పీ కొడుకును కూడా ఒక రాత్రి మఫ్టీలో వచ్చి తీసుకుపోయారు. ఎక్కడికో తెలీదు. ఏ స్టేషన్‌కు వెళ్ళినా మా దగ్గర లేడన్నారు. మూడోరోజు ఫుప్పీకి ఫోన్ వచ్చింది. ఎవరో మెల్లగా తెలుగులో మాట్లాడి పెట్టేశాడు. రెండోసారి మోగినప్పుడు ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది. "పిల్లగాడు పానంతోనే ఉన్నడు. నా టిఫిన్ల అన్నం పెట్టిన, తిన్నడు. తల్లిని ఏడ్వద్దని చెప్పు. నేను ఫోన్ జేసినట్టు ఎవరికీ చెప్పకుండ్రి."

ఈసారి అక్షరం పొల్లుపోకుండా తర్జుమా చేశాను. ఫుప్పీ అక్కడే సజ్దాలో పడిపోయింది. అయిదోరోజు రాత్రి పిల్లవాణ్ణి రోడ్డు పక్కన దించి వెళ్ళారు. ఎవరు తీసుకుపోయారు, ఎక్కడ ఉంచారు, ఎందుకు వదిలారు - ఒక్క కాగితం లేదు. ఆ గొంతు కోసం ఫుప్పీ ఈనాటికీ దువా చేస్తుంది. కొడుకు మాత్రం ఈనాటికీ రాత్రిళ్ళు తలుపు చప్పుడైతే లేచి కూర్చుంటాడు.

ఆ కానిస్టేబుల్ మంచితనాన్ని నేను తక్కువ చేయను. దొరికితే ఆయన ఉద్యోగం పోయేది. కానీ ఒక తల్లికి కొడుకు ఎక్కడున్నాడో చెప్పడం దొంగతనంగా చేయాల్సిన పని ఎందుకయింది? చట్టం ప్రకారం తెలియాల్సిన సంగతి ఒక మనిషి దయవల్ల తెలిసింది. ఆ దయగల మనిషి ఆ రాత్రి డ్యూటీలో లేకపోతే?

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. అప్పుడు జైలుకు వెళ్ళిన పిల్లలు నిర్దోషులుగా బయటికి వచ్చారు. 2012లో ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, మంచి నడవడిక ఉన్నవాళ్ళని సర్టిఫికెట్లూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. 2018 ఏప్రిల్‌లో పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న మరో అయిదుగురినీ ప్రత్యేక కోర్టు విడిచిపెట్టింది. మసీదులో మనుషుల్ని చంపినవాళ్ళెవరో కోర్టులో తేలనే లేదు. మా పిల్లలు మంచివాళ్ళని సర్టిఫికెట్ మాత్రం మిగిలింది. మీ పిల్లలకు ఎవరైనా అలాంటి సర్టిఫికెట్ ఇచ్చారా?

మంచి పోలీసు గురించి రాస్తే మొహల్లాలో కొందరు నన్ను పోలీసుల మనిషి అన్నారు. పట్టుకుపోయిన పిల్లల గురించి రాస్తే ఆఫీసులో ఒక మిత్రుడు, "మీవాళ్ళ సంగతయితే నీకు కోపం వస్తుంది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. మా ఇంట్లో ఈద్ సేమ్యాలు తిన్నవాడే. "మీవాళ్ళు" అన్న మాట ఆ కానిస్టేబుల్ నోటా విన్నాను, ఈ మిత్రుడి నోటా విన్నాను. ఇద్దరూ ప్రేమగానే అన్నారు.

సచార్ కమిటీ 2006లో లెక్కలు తీసింది. 2001 జనాభాలో ముస్లిములు 13.4 శాతం. ఐ.పి.ఎస్.లో 4 శాతం, కానిస్టేబుళ్ళలో 6 శాతం. ముస్లిం పోలీసు అయినంతమాత్రాన లాఠీ మెత్తబడదని నాకూ తెలుసు. కానీ గల్లీ మొదట్లో నిలబడ్డ ఆ ముగ్గురిలో ఒక్కడికైనా అమ్మీ భాష వచ్చి ఉంటే, పదకొండేళ్ళ పిల్లవాడు మధ్యలో నిలబడి అబద్ధం చెప్పాల్సి వచ్చేది కాదు.

దయకు, డ్యూటీకి తేడా నాకు బాగా అర్థమైంది హాషింపురా కేసు చదివినప్పుడు. 1987 మే 22 రాత్రి మీరట్‌లో పి.ఏ.సి. బలగాలు ముస్లిం యువకుల్ని ట్రక్కులో ఎక్కించుకుపోయి, కాల్చి, కాలువల్లో పడేశాయి. పక్కనే ఘజియాబాద్ జిల్లా ఎస్.పి. విభూతి నారాయణ్ రాయ్. కబురు అందగానే కాలువ గట్టుకు వెళ్ళాడు. బతికి ఉన్న ఒక కుర్రాణ్ణి నీళ్ళలోంచి పైకి తీయించాడు. తన రాష్ట్ర బలగాల మీదే కేసు రాయించాడు. 2015లో కింది కోర్టు నిందితులందర్నీ వదిలేసింది. 2018 అక్టోబర్‌లో ఢిల్లీ హైకోర్టు పదహారుమందికి యావజ్జీవ శిక్ష వేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది. ఆ రాత్రి ఆ కాగితం రాయకపోతే అదీ వచ్చేది కాదు.

ఒకసారి పోలీసుల ఇఫ్తార్‌లో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. కొడుకు కేసు కాగితాల కోసం ఏడాదిగా తిరుగుతున్నాడు. పళ్ళెంలోని ఖర్జూరం నోట్లో వేసుకుని, "తియ్యగా ఉంది బేటా. దీంతోపాటు ఎఫ్.ఐ.ఆర్. కాపీ కూడా పెడితే బాగుండేది" అన్నాడు. ఆ పూట రాసిన వార్తలో ఆ మాట పెట్టలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మొన్న ఈద్‌కు అమ్మీ దగ్గర ఒప్పుకున్నాను, ఆరోజు నీ ప్రశ్న అడగలేదని. ఆమెకు డెబ్బై దాటాయి. నవ్వింది.

"నాకు అప్పుడే తెలుసు. అలాంటి ప్రశ్న అడిగితే ఎవడైనా నీ తల నిమురుతాడా?"

మరి ఎందుకు ఊరుకున్నావన్నాను. ఒడిలో చెల్లెలి కూతురు నిద్రపోతోంది. దాని తల మీద చెయ్యి వేసి, "పాలు కావాలి కదా" అంది. కాసేపటికి మళ్ళీ తనే, "ఆయనకు ఈనాటికీ దువా చేస్తాను. ప్రశ్న కూడా అలాగే ఉంది" అంది.

ఆ కానిస్టేబుల్ ఈపాటికి రిటైరై ఉంటాడు. చొక్కా మీద పేరు తెలుగులో ఉండే ఉంటుంది. గల్లీ మొత్తంలో చదవగలిగినవాణ్ణి నేనే. చదవలేదు, లాఠీనే చూశాను. ఆయన ఎక్కడున్నా ఇది చదువుతాడేమోనని తెలుగులోనే రాస్తున్నాను. ఆలస్యమైనా, అమ్మీ చెప్పినట్టే తర్జుమా చేస్తున్నాను.

అన్నా, పాలు తెచ్చినందుకు షుక్రియా. నిన్న సాయంత్రం ఆ పిల్లవాణ్ణి ఎందుకు కొట్టారు?