ఆ ఒక్క సెకను

2012 జులై 1, ఇత్వార్. జహీరాబాద్‌లో ఫజ్ర్ నమాజ్ అయింది, ఇంకా పొద్దు పొడవలేదు. అబ్బాతో మస్జిద్ మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. నేను నౌకరీ చేసే కంపెనీ నుంచి. సర్వర్లు వేడెక్కిపోతున్నాయి, పని మాత్రం సాగడం లేదు.

అంతా ఒక్క సెకను వల్ల. అణు గడియారాలతో పోలిస్తే జమీన్ తిరుగుడు కాస్త సుస్తీ. అందుకే 1972 నుంచి అప్పుడప్పుడు ఒక సెకను కలుపుతున్నారు. ప్రపంచ సమయంలో అది అర్ధరాత్రి, మనకు పొద్దున ఐదున్నర. 'చివరి నిమిషానికి 61 సెకన్లు' అని ఎన్‌టీపీ సాఫ్ట్‌వేర్ ముందే ఖబర్ ఇస్తుంది. ఆ ఘడియ రాగానే లినక్స్ గడియారాన్ని ఒక సెకను వెనక్కి జరుపుతుంది. ఆ రోజు లోపలి టైమర్లకు ఆ సంగతి అందలేదు. కాసేపు ఆగాల్సిన ప్రోగ్రాములు ఆగకుండా పరుగే పరుగు. అమెరికాలో రెడిట్ కూడా పడిపోయింది. ఇలాజ్ వింటే నవ్వొస్తుంది: అదే టైమును మళ్లీ ఒకసారి సెట్ చేయడం! అది తెలిసేసరికి జుహర్ దాటింది. మర్నాడు మీటింగులో గల్తీ నా నెత్తిన పడింది.

ఫోన్‌లో అబ్బాకు చెప్పుకున్నా. మస్జిద్‌లోని చావీ గడియారం జిమ్మేదారీ ఆయనది.

"వెనక్కి ఎందుకు తిప్పారు బేటా? అస్ర్ అజాన్ ఇచ్చేశాక గడియారం మళ్లీ ఐదు కొడితే, మళ్లీ ఇవ్వాలా?"

గడియారం ముందుకు పోతే ఆయన ముల్లు ముట్టుకోరు. పెండ్యులం కింది నట్టు కాస్త దించుతారు. రెండు మూడు రోజుల్లో అదే దారికొస్తుంది. ఒకసారి నేను ఫోన్ చూసి, "రెండు నిమిషాలు గలత్" అని అందరి ముందూ అనేశాను. ఆయన ఏమీ అనలేదు. ఆ షరమ్ ఇప్పటికీ ఉంది.

గూగుల్ 2008 నుంచే ఆ సెకనును గంటల తరబడి పలచగా పరిచేస్తోంది. ఇప్పుడు వాళ్ల పద్ధతిలో 24 గంటలు. ఒక్కో సెకను మీద దాదాపు 11.6 మైక్రోసెకన్ల బరువు. ఒకటే ఎహతియాత్: ఇలాంటి సర్వర్లనూ మామూలువాటినీ కలపకూడదు, మధ్యలో అర సెకను దాకా ఫరక్ వస్తుంది. నేను క్రోనీ పెట్టి 'స్లూ' ఎంచుకున్నా. అది ముల్లు తిప్పదు, కొన్ని సెకన్లపాటు గడియారాన్ని నెమ్మదిగా నడుపుతుంది. 2017 జనవరి 1 పొద్దున ఐదున్నరకు స్క్రీన్ ముందే కూర్చున్నా. ఏమీ కాలేదు.

ఆ తర్వాత ఇంతవరకు మరో సెకను కలపలేదు. 2035 కల్లా ఈ ఆనవాయితీ ఆపేయాలని 2022లో తీర్మానించారు కూడా. అబ్బాకు చెబితే ఆయన ఫికర్ వేరే. మస్జిద్‌లో కొత్తగా డిజిటల్ గడియారం పెట్టారట, దానికి నట్టు ఎక్కడుందో చూసి చెప్పమంటున్నారు.